గుడ్డ మీద రాత చదివి కూర్చోవాలి: వేగాస్, మోంటే కార్లో, మకావ్

లాస్‌వేగాస్‌లో దిగిన రాత్రే బ్లాక్‌జాక్ ఆడటానికి కూర్చున్నాను. ముక్కలు పంచే డీలరు కంటే 21కి దగ్గరగా, దాన్ని దాటకుండా చేరాల్సిన ఆట అది. టేబుల్ మీద పరిచిన గుడ్డపై పెద్ద అక్షరాలతో, బ్లాక్‌జాక్ వస్తే 6కు 5 ఇస్తామని రాసి ఉంది. కళ్ల ముందే ఉన్నా నేను చదవలేదు. మా బావ "ఇక్కడ కనీస పందెం తక్కువ, ఇక్కడే కూర్చుందాం" అన్నాడు, కూర్చున్నాం. ఆ రాత్రి నేను పోగొట్టుకున్నది పెద్ద మొత్తమేమీ కాదు. కానీ మర్నాడు కాగితం మీద లెక్క వేసుకుంటే తెలిసింది, మొదటి ముక్క చేతికి రాకముందే సగం తప్పు చేసేశానని.

ఆ లెక్క ఇది. మొదటి రెండు ముక్కలుగా ఆసూ, పది విలువున్న ముక్కా కలిసి వస్తే ఆ చేతినే బ్లాక్‌జాక్ అంటారు. సుమారు ఇరవై ఒక్క ఆటల్లో ఒకసారి వస్తుంది. మంచి టేబుల్‌లో దానికి 3కు 2 ఇస్తారు, అంటే పది డాలర్ల పందేనికి పదిహేను. 6కు 5 టేబుల్‌లో అదే పందేనికి పన్నెండే వస్తాయి. మూడు డాలర్ల తేడా ఇరవై ఒక్క ఆటల మీద పరుచుకుంటే క్యాసినో వాటా, అంటే పెట్టిన పందెంలో సగటున దానికి మిగిలేది, దాదాపు 1.4 శాతం పెరిగినట్టు. మామూలు నియమాలతో, తప్పు చేయకుండా ఆడేవాడి మీద బ్లాక్‌జాక్‌లో క్యాసినోకు మిగిలేది మొత్తం కలిపి అర శాతం చిల్లర. అంటే ఆ ఒక్క వాక్యం చదవనందుకు నేను దాదాపు నాలుగింతలు కట్టాను. గంటకు డెబ్బై ఆటలు, ఆటకు పది డాలర్లు అనుకుంటే మంచి టేబుల్‌లో గంటకు సగటున మూడున్నర డాలర్లు పోతాయి, నేను కూర్చున్న చోట పదమూడు పైనే.

ఆ తర్వాత రెండేళ్లలో మొనాకోలోని మోంటే కార్లో, చైనా తీరంలోని మకావ్ కూడా చూశాం. ఎక్కడికి వెళ్లినా మొదటి గంట ఏమీ ఆడకుండా టేబుళ్ల మధ్య తిరిగి గుడ్డ మీద రాతలు, పక్కన నిలబెట్టిన చిన్న బోర్డులు చదవడం అలవాటు చేసుకున్నాను. ఎలా ఆడాలనేదాని కంటే ఎక్కడ కూర్చోవాలనేదే పెద్ద తెలివి అని నా నమ్మకం.

వేగాస్‌లో బస గురించి ముందు చెప్పాలి. మొదటిసారి స్ట్రిప్ మీద, అంటే పెద్ద క్యాసినోలు బారులు తీరిన వీధిలో, ఒక పెద్ద హోటల్లో దిగాం. పేరు చెప్పను. గది అద్దె తక్కువని మురిసిపోయాం గానీ రోజుకు 40 డాలర్లకు పైగా రిసార్ట్ ఫీజు, దాని మీద పన్ను విడిగా పడ్డాయి. ఈత కొలను, జిమ్ము వాడకపోయినా కట్టాల్సిందే. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, లిఫ్ట్ దిగి బయటికి వెళ్లాలన్నా, కాఫీ తాగాలన్నా స్లాట్ మెషిన్ల మధ్య నుంచే నడవాలి. అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు టేబుల్ రెండు నిమిషాల దూరంలో ఉంటే ఎంత గట్టి మనిషైనా కిందికి దిగుతాడు. మా బావ రెండో రాత్రి అలాగే దిగాడు. పొద్దున పోయినవి తిరిగి తెచ్చుకోవాలని పందెం పెంచుకుంటూ పోయాడు. నేను వెళ్లి భుజం మీద చెయ్యి వేసి "బావా, పడుకుందాం పద" అంటే లేచాడు గానీ, ఆ గంటలో పోయినవి రెండు రోజుల ఖర్చుకు సమానం.

రెండోసారి వెళ్లినప్పుడు డౌన్‌టౌన్‌లో ఫ్రీమాంట్ వీధికి కాస్త ఎడంగా, కింద క్యాసినో లేని చోట గది తీసుకున్నాం. గది పాతదే, కిటికీ బయట గోల కూడా ఉంది. అయినా మంచి నిర్ణయం. స్ట్రిప్‌కూ డౌన్‌టౌన్‌కూ మధ్య డ్యూస్ అనే డబుల్ డెక్కర్ బస్సు రాత్రింబవళ్లు తిరుగుతుంది. ఆడాలంటే చెప్పులేసుకుని బయటికి నడవాలి, ఆ నడకలో మనసు కాస్త కుదుటపడుతుంది.

సేవల్లో నాకు బాగా నచ్చింది పొద్దున పూట డీలర్లు. టేబుల్ ఖాళీగా ఉన్నప్పుడు కూర్చుంటే నియమాలు ఓపిగ్గా చెప్పారు. బ్లాక్‌జాక్‌లో ఏ చేతికి ఏం చేయాలో ముద్రించిన చిన్న కార్డులు అక్కడి హోటళ్ల దుకాణాల్లోనే అమ్ముతారు. అది టేబుల్ దగ్గర పెట్టుకుని చూస్తూ ఆడినా ఎవరూ అడ్డు చెప్పరు, ఆట ఆలస్యం చేయకుండా ఉంటే చాలు. ఆ పట్టిక ఎవరో ఊహించి రాసింది కాదు. 1956లో అమెరికా సైన్యంలో పనిచేసిన నలుగురు మామూలు లెక్కల యంత్రాలతో కూర్చుని తేల్చి, గణాంకశాస్త్ర పత్రికలో అచ్చు వేయించిన లెక్క దాని మూలం. తర్వాత గణిత శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్ప్ కంప్యూటర్‌తో దాన్ని ఇంకా సరిచేశాడు.

పట్టిక బట్టీ పట్టడం కంటే దాని వెనక తర్కం పట్టుకుంటే ఎక్కువ గుర్తుంటుంది. డీలరు ముందు తెరిచిన ముక్క 5 గానీ 6 గానీ అయితే అతను 21 దాటిపోయే అవకాశం నలభై శాతానికి పైనే. అప్పుడు నా చేతిలో 12 ఉన్నా ఇంకో ముక్క అడగను, దాటిపోయే పని అతనికే వదిలేస్తాను. అదే అతని ముందు 10 ఉంటే నా 15కు భయపడుతూనే ముక్క అడగాలి. ఎందుకంటే ఊరుకున్నా ఎక్కువసార్లు ఓడిపోయేదే. రెండు ఆసులు, రెండు 8లు వస్తే ఎప్పుడూ రెండు చేతులుగా విడదీయాలి. రెండు పదులను మాత్రం ముట్టుకోకూడదు, 20 మంచి చెయ్యి. డీలరు ముందు ఆసు పడితే "ఇన్సూరెన్స్ కావాలా?" అని అడుగుతారు, అంటే అతని రెండో ముక్క పది విలువున్నదేనని విడిగా కాసే పందెం. ఆ మాట వినగానే జాగ్రత్త అనిపిస్తుంది, నేనూ మొదట్లో తీసుకున్నాను. దానికి 2కు 1 ఇస్తారు, అంటే మూడుసార్లలో ఒకసారి పది రావాలి. పదమూడు రకాల ముక్కల్లో పది విలువున్నవి నాలుగే. 13లో 4 అంటే మూడోవంతుకు తక్కువ. అప్పటినుంచి వద్దనే అంటున్నాను.

వేగాస్‌లో రూలెట్ దగ్గర, అంటే తిరిగే చక్రంలో బంతి ఏ గడిలో పడుతుందో పందెం కాసే ఆట దగ్గర, మాత్రం నిలబడకండి. అక్కడ మామూలు చక్రానికి సున్నా, జోడు సున్నా కలిపి 38 గళ్లు, క్యాసినో వాటా 5.26 శాతం. స్ట్రిప్ మీద ఇప్పుడు మూడు సున్నాల చక్రాలు చాలాచోట్ల పెట్టారు. 39 గళ్లు, ఒక అంకె మీద పెట్టి గెలిస్తే ఇచ్చేది మాత్రం అదే 35కు 1. వాటా 7.69 శాతం. చూడటానికి అన్ని చక్రాలూ ఒకేలా తిరుగుతాయి, అందుకే ఆడేముందు సున్నాలు లెక్కపెట్టాలి. పాచికల ఆట క్రాప్స్ దీనికి చాలా మేలు. పాస్ లైన్ అనే ప్రధాన పందెం మీద వాటా 1.41 శాతం. ఆ పందెం వెనక అదనంగా పెట్టే ఆడ్స్ పందెం మీద క్యాసినోకు ఏమీ మిగలదు, గెలుపు ఎంత కష్టమో అంతకు సరిగ్గా అంతే ఇస్తారు. దానికి గుడ్డ మీద గడి కూడా గీయలేదు, అడిగితేనే చెప్పారు. టేబుల్ మధ్యలో రంగురంగుల బొమ్మలతో ఉన్న పందేలన్నీ ఖరీదైనవి. తర్వాతి విసురుకు 7 పడుతుందనే పందెం మీద క్యాసినో వాటా 16.67 శాతం.

మోంటే కార్లో ఇంకో లోకం. మేము ఫ్రాన్స్‌లోని నీస్‌లో బస చేశాం, అక్కడి నుంచి రైలులో అరగంట లోపే. మొనాకోలో హోటల్ అద్దెలు మా అందుబాటులో లేవు. అనుకున్నంత అసౌకర్యం మాత్రం కలగలేదు. స్టేషన్ కొండ లోపల ఉంటుంది, బయటికి రావడానికి, ఎత్తుపల్లాలు దాటడానికి ఉచితంగా లిఫ్టులున్నాయి. క్యాసినో భవనానికి వాస్తుశిల్పి చార్లెస్ గార్నియే చేతి పని చూడటానికైనా వెళ్లాలి. అందులో ఆయన కట్టిన సంగీత నాటకశాల 1879లో తెరిచారు. పొద్దున టికెట్ కొని గదులన్నీ చూడొచ్చు, ఆటలు మధ్యాహ్నం మొదలవుతాయి. పాస్‌పోర్ట్ తప్పనిసరి, బట్టలు పద్ధతిగా ఉండాలి. మొనాకో పౌరులకు మాత్రం అక్కడ ఆడే హక్కు లేదు.

రూలెట్ ఆడాలంటే ఇక్కడే ఆడాలి. ఒకే సున్నా, 37 గళ్లు, వాటా 2.70 శాతం. మేము కూర్చున్న టేబుల్‌లో ఎరుపు, నలుపు లాంటి, గెలిస్తే పెట్టినంతే వచ్చే సమాన పందేలు పెట్టినప్పుడు సున్నా పడితే సగం వెనక్కి ఇచ్చారు. దాంతో ఆ పందేల మీద వాటా 1.35కు దిగుతుంది. వేగాస్ మూడు సున్నాల చక్రంతో పోలిస్తే ఆరో వంతుకు దగ్గర. కనీస పందెం ఎక్కువే, కానీ ఆట నిదానం. టేబుల్ నడిపే క్రూపియర్లు హడావుడి పెట్టరు. కొత్తవాళ్లం కదా అని చిన్నచూపు కూడా చూడలేదు.

మా బావకు ఇక్కడే పట్టుకుంది రెట్టింపు పిచ్చి. "అయిదుసార్లు వరసగా నలుపొచ్చింది, ఇక ఎరుపు రాక తప్పదు, ఓడితే రెట్టింపు పెడతా" అన్నాడు. ఇదే భవనంలో 1913 ఆగస్టు 18న నలుపు వరసగా 26 సార్లు పడిందని, ఎరుపు రాక తప్పదని పందెం పెంచుకుంటూ పోయినవాళ్లు లక్షల్లో పోగొట్టుకున్నారని చెప్పాను. చక్రానికి జ్ఞాపకం ఉండదు. పదితో మొదలుపెట్టి ఏడుసార్లు ఓడితే మొత్తం 1,270 పోతుంది, ఎనిమిదోసారికి 1,280 పెట్టాలి, అదీ గెలిస్తే దక్కే పది కోసం. ఆ లోపే టేబుల్ పరిమితి అడ్డొస్తుంది. ఏడుసార్లు వరసగా ఓడటం నూరింట ఒకసారికి కాస్త తక్కువ. ఒక సాయంత్రంలో చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో చూస్తే అది అరుదేమీ కాదు. బావ కాసేపు ఆలోచించి చిప్స్ జేబులో వేసుకున్నాడు.

మకావ్‌కు హాంకాంగ్ నుంచి ఫెర్రీలో వెళ్లాం, తిరుగు ప్రయాణం 2018లో తెరిచిన పొడవాటి వంతెన మీద బస్సులో. రేవు నుంచి పెద్ద క్యాసినోలకు ఉచిత బస్సులుంటాయి. ఊళ్లో తిరగడానికి అదే గొప్ప సదుపాయం. కొత్త క్యాసినోల ప్రాంతమైన కోతాయ్‌లోని మహా హోటళ్లు వదిలేసి సెనాడో చౌక్ దగ్గర పాత వీధుల్లో చిన్న గది తీసుకున్నాం, సాయంత్రాలు సెయింట్ పాల్ అనే పాత చర్చి శిథిలాల మెట్ల మీద గడిచాయి. టేబుళ్ల మీద హాంకాంగ్ డాలర్లే నడుస్తాయి, ఇరవై ఒకటి నిండనివాళ్లను లోపలికి రానివ్వరు.

ఇక్కడ ఎటు చూసినా బ్యాకరా, అంటే బ్యాంకర్, ప్లేయర్ అనే రెండు చేతుల్లో ఏది 9కి దగ్గరవుతుందో పందెం కాసే ముక్కలాట. నేర్చుకోవాల్సింది చాలా తక్కువ, బ్యాంకర్ మీద పెడితే వాటా 1.06 శాతం, ప్లేయర్ మీద 1.24. బ్యాంకర్ గెలుపులో 5 శాతం కమీషన్ కోస్తారు, కోసినా అదే మేలు. కమీషన్ లేదని ఊరించే టేబుళ్లలో బ్యాంకర్ ఆరుతో గెలిస్తే సగమే ఇస్తారు, దాంతో వాటా 1.46కు పెరుగుతుంది. రెండు చేతులూ సమానమయ్యే టై మీద 8కు 1 ఇస్తామంటారు, దాని వాటా 14 శాతం పైనే. మా పక్కన ఒక పెద్దావిడ ప్రతి ఆట ఫలితాన్ని కార్డు మీద ఎర్ర, నీలి గుండ్రాలుగా రాసుకుంటోంది, టేబుల్ పైన తెర మీదా అవే గుండ్రాలు. క్యాసినో ఆ కాగితం, పెన్సిలూ ఉచితంగా ఇస్తుంది. గడిచిన ఆటలు రాసుకోవడం వల్ల తమకు నష్టమొస్తుందనుకుంటే ఇవ్వరు కదా.

డబ్బు విషయంలో మేం పాటించిన పద్ధతి చెప్తాను. వాటా అనేది సగటు మాత్రమే, ఒక రాత్రి ఊగిసలాట దానికంటే చాలా పెద్దది. పది డాలర్ల చొప్పున రెండువందల బ్లాక్‌జాక్ ఆటలు ఆడితే సగటు నష్టం పది డాలర్లే, అయినా నూట అరవై అటో ఇటో కావడం మామూలు. అందుకని రోజుకొక కవరు, అందులో కనీస పందేనికి ముప్పై రెట్లు. బ్యాంకు కార్డు గదిలోనే. క్యాసినో ఏటీఎంలు ఫీజు గట్టిగానే లాగుతాయి, పైగా అవి ఉండేది మనసు చెదిరిన మనిషికి చేతికందే దూరంలో.

మకావ్‌లో చివరి సాయంత్రం కవరు గంటన్నరకే ఖాళీ అయింది. బావ టైమ్ చూసుకుని "సెయింట్ పాల్ దగ్గర దీపాలు పెట్టేశారేమో, ఇంకా వెలుతురుంది, పద" అన్నాడు. ఉచిత బస్సు ఎక్కి పాత ఊరికి వెళ్లిపోయాం.