సలహా చెప్పేవాళ్ళు వేరు, చెక్కు రాసేవాళ్ళు వేరు: బోస్టన్–కేంబ్రిడ్జ్ యాత్ర

బోస్టన్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది జాన్ హార్వర్డ్ విగ్రహం బూటు ముట్టుకుని, ఎంఐటీ గోపురం ముందు ఫోటో దిగి వచ్చేస్తారు. నేను వెళ్ళిన పని వేరు. ఇంజినీరింగ్ కాలేజీలో స్టార్టప్ సెల్ చూసుకునే ఉద్యోగం నాది. పిల్లల ఐడియాలకి అండగా నిలబడే మనుషులు అక్కడ ఎలా పనిచేస్తారు, బదులుగా ఏం తీసుకుంటారు అన్నది చూడాలని వెళ్ళాను. ఇదే ఆలోచనతో వెళ్ళే అధ్యాపకులకీ, కంపెనీ పెట్టే ఊపులో ఉన్న విద్యార్థులకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు బస సంగతి. ఖర్చు ఆఫీసుది కాకపోతే, కేంబ్రిడ్జ్‌లో ఎంఐటీని ఆనుకుని ఉండే కెండల్ స్క్వేర్ హోటళ్ళ జోలికి పోకండి. చుట్టూ బయోటెక్ కంపెనీలు, వాళ్ళ పని మీద వచ్చేవాళ్ళతో గదుల అద్దెలు ఎప్పుడూ మండిపోతుంటాయి. మే నెలాఖరు స్నాతకోత్సవాల రోజుల్లో అయితే ఎంత పెట్టినా దొరకడమే కష్టం. రెడ్ లైన్ మెట్రో దారిలో ఎక్కడ బస చేసినా నష్టం లేదు. నేను క్విన్సీలో ఉన్నాను, కెండల్‌కి దాదాపు అరగంట. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం బ్రెయిన్‌ట్రీ బండే ఎక్కాలి, యాష్‌మాంట్ బండి దారి మధ్యలో చీలిపోతుంది. టికెట్ 2.40 డాలర్లు. బ్యాంకు కార్డు గేటుకి ఆనిస్తే చాలు, వేరే కార్డు కొననక్కర్లేదు. లోగన్ ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి వచ్చే సిల్వర్ లైన్ బస్సు ఉచితం. మా హోటల్ వాళ్ళు స్టేషన్‌కి షటిల్ ఉందని చెప్పారు గానీ, అది వాళ్ళ వెబ్‌సైట్‌లో తప్ప రోడ్డు మీద కనిపించలేదు.

కెండల్ స్క్వేర్‌లో మొదట చూడాల్సింది కేంబ్రిడ్జ్ ఇన్నొవేషన్ సెంటర్. 1999 నుంచి చిన్న కంపెనీలకి గదులూ బల్లలూ అద్దెకిస్తోంది. మామూలు రోజుల్లో లోపలికి వెళ్తే రిసెప్షన్ తప్ప చూడటానికేమీ లేదు. గురువారం సాయంత్రం అక్కడ జరిగే వెంచర్ కెఫే అనే కలయికకి వెళ్ళాలి. ప్రవేశం ఉచితం, పేరు నమోదు చేసుకుంటే ఎవరైనా రావచ్చు. పీహెచ్‌డీ విద్యార్థులు, లాయర్లు, కొత్త కంపెనీల్లో సొంత డబ్బు పెట్టే ఏంజెల్ ఇన్వెస్టర్లు, ఉద్యోగం వెతుక్కునేవాళ్ళు అందరూ ఒకే హాల్లో. మంచీ చెడూ రెండూ అక్కడే ఎదురవుతాయి. నా పక్కన నిలబడ్డ అమ్మాయి తన సెన్సర్ గురించి మొదలుపెట్టిందో లేదో, ఒక పెద్దమనిషి మెంటర్‌గా ఉంటాననీ, కంపెనీలో రెండు శాతం ఇస్తే చాలనీ అన్నాడు. ఆ సెన్సర్ ఏం కొలుస్తుందో ఇంకా అడగనే లేదు! అక్కడి వాడుకలో సలహాదారుకి ఇచ్చేది సాధారణంగా ఒక శాతం లోపే, అదీ ఒక్కసారిగా కాదు, రెండేళ్ళ వెస్టింగ్‌తో, అంటే రెండేళ్ళ మీద కొంచెం కొంచెంగా. ఆ అమ్మాయి నవ్వి, ఆయన కార్డు తీసుకుని జేబులో పెట్టేసుకుంది. నాకు ముచ్చటేసింది.

అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఎంఐటీ మార్టిన్ ట్రస్ట్ సెంటర్ ఉంది. వేసవిలో ‘డెల్టా వీ’ పేరుతో విద్యార్థి బృందాలకి యాక్సిలరేటర్, అంటే కంపెనీని త్వరగా నిలబెట్టించే శిక్షణ, నడుపుతారు. డబ్బిస్తారు, వాటా మాత్రం అడగరు. గోడల నిండా రాతలు, మూలల్లో సగం కట్టిన ప్రోటోటైపులు. ముందుగా మెయిల్ పెట్టి వెళ్తే మర్యాదగా మాట్లాడతారు. దేశ్‌పాండే సెంటర్ కూడా ఎంఐటీదే. గురురాజ్, జయశ్రీ దేశ్‌పాండే దంపతులు ఇచ్చిన విరాళంతో 2002లో మొదలైంది. అధ్యాపకుల పరిశోధన ల్యాబు దాటి మార్కెట్‌కి చేరడానికి గ్రాంట్లు ఇస్తుంది. పని గొప్పదే, కానీ యాత్రికుడికి అదొక ఆఫీసు మాత్రమే.

నన్ను పూర్తిగా పట్టేసింది ఎంఐటీ వెంచర్ మెంటరింగ్ సర్వీస్. 2000లో మొదలైంది. ఎంఐటీ విద్యార్థులకీ, అధ్యాపకులకీ, పూర్వ విద్యార్థులకీ ఉచితం. మెంటర్లంతా స్వచ్ఛందంగా వచ్చేవాళ్ళే. ఒక ఫౌండర్‌కి, అంటే కంపెనీ పెట్టినవాళ్ళకి, ఒక మెంటర్ అన్న లెక్క అక్కడ లేదు, ముగ్గురో నలుగురో కలిసి కూర్చుంటారు. అసలు కీలకం ఒక నియమంలో ఉంది: తాను సలహా ఇస్తున్న కంపెనీలో పెట్టుబడి పెట్టాలనిపిస్తే, ఆ మెంటర్ ముందు ఆ కంపెనీ మెంటర్ కుర్చీలోంచి లేవాలి. సమావేశాలు గోప్యం కాబట్టి బయటివాళ్ళని కూర్చోనివ్వరు. అడిగాను, నవ్వుతూ కాదన్నారు. బయట కారిడార్లో మన కుర్రాడొకడు కలిశాడు, బ్యాటరీల మీద పనిచేస్తున్నాట్ట.

“ఎలా జరిగింది బాబూ?” అన్నాను.

“నలుగురు కూర్చున్నారు సార్. ఒకాయన ధర పెంచమంటారు, ఇంకొకాయన అసలు ఈ ఏడాది ఇన్వెస్టర్ల దగ్గర డబ్బే ఎత్తొద్దంటారు. చివరికి వాళ్ళలో వాళ్ళే వాదించుకున్నారు. నేను నోట్స్ రాసుకున్నాను.”

“మరి ఎవరి మాట వింటావు?”

“అది నన్నే తేల్చుకోమన్నారు సార్.”

ఈ సర్వీసుకి నేను ఎక్కువ మార్కులు వేసింది ఇందుకే. ఒక్క మెంటరే ఉంటే ఆయన అనుభవమే శాసనం అయిపోతుంది. నలుగురు ఎదురెదురుగా వాదించుకుంటుంటే, నిర్ణయం తనదేనని ఫౌండర్‌కి తెలిసొస్తుంది. పైగా ఆ నలుగురిలో ఎవరికీ ఆ కంపెనీలో పైసా వాటా లేదు. ఇన్వెస్టరే మెంటర్ అయితే “ఇప్పుడు డబ్బు ఎత్తకు” అనడానికి నోరు రావడం కష్టం. ఈ పద్ధతిని వేరే విద్యాసంస్థలకి నేర్పించడానికి వాళ్ళ దగ్గర శిక్షణ కూడా ఉంది. కాలేజీల వాళ్ళు వెళ్తే ఆ సంగతి తప్పకుండా అడగండి.

హార్వర్డ్ వైపు ఒక పూట సరిపోతుంది. హార్వర్డ్ స్క్వేర్‌లో దిగి, చార్లెస్ నది మీది వంతెన దాటితే ఆల్‌స్టన్ వైపు బిజినెస్ స్కూలు, ఇంకొంచెం ముందుకెళ్తే 2011లో తెరిచిన ఐ-ల్యాబ్. అది కంపెనీలు పెట్టే హార్వర్డ్ విద్యార్థుల కోసం కట్టింది. ఐడీ కార్డు లేకపోతే అద్దాల్లోంచి చూసి రావడమే. నాకు ఆ నడకలో నచ్చింది చరిత్ర. ఈ బిజినెస్ స్కూల్లో పాఠాలు చెప్పిన జార్జ్ డోరియట్, ఎంఐటీ అధ్యక్షుడు కార్ల్ కాంప్టన్ వంటివాళ్ళతో కలిసి 1946లో అమెరికన్ రీసెర్చ్ అండ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ పెట్టారు. కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని పెట్టుబడి పెట్టడాన్ని ఇప్పుడు మనం వెంచర్ క్యాపిటల్ అంటున్నాం, దానికి తొలి రూపాల్లో అదొకటి. 1957లో ఎంఐటీ లింకన్ ల్యాబ్ నుంచి వచ్చిన ఇద్దరు ఇంజినీర్లకి 70,000 డాలర్లిచ్చి, వాళ్ళ డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో 70 శాతం తీసుకున్నారు. డెబ్బై శాతం! ఈరోజు వై కాంబినేటర్ అనే యాక్సిలరేటర్ 1,25,000 డాలర్లకి తీసుకునేది 7 శాతం. ఫౌండర్ల పరిస్థితి ఎంత మారిందో ఈ రెండంకెలు చాలు. ఆ వై కాంబినేటర్ తొలి బ్యాచ్ 2005 వేసవిలో ఇదే కేంబ్రిడ్జ్‌లో, గార్డెన్ స్ట్రీట్‌లో నడిచింది. 2009కల్లా పూర్తిగా కాలిఫోర్నియా వెళ్ళిపోయారు. ఆ వీధి ప్రశాంతమైన నివాస ప్రాంతం. ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు.

డబ్బు కట్టి చేరిన ‘స్టార్టప్ టూర్’ గురించి ఒక్క ముక్క. పేరు రాయను. మూడు భవనాల లాబీలు చూపించి, ఒక కాన్ఫరెన్స్ రూములో స్లైడ్లు వేసి పంపించారు. పైన రాసిన చోట్లకి మీ అంతట మీరే మెయిల్ పెట్టుకుంటే ఇంతకన్నా ఎక్కువ చూస్తారు.

కొసరుగా బోస్టన్ శివారు వెల్‌స్లీలోని బాబ్సన్ కాలేజీకి వెళ్ళి రండి. వూస్టర్ లైన్ కమ్యూటర్ రైలెక్కి వెల్‌స్లీ హిల్స్‌లో దిగాలి. రైళ్ళ మధ్య వ్యవధి ఎక్కువ, తిరుగు బండి టైము ముందే చూసుకోవాలి. 1919లో పెట్టిన ఈ కాలేజీలో మొదటి ఏడాది పిల్లలు బృందాలుగా చేరి, కాలేజీ ఇచ్చిన చిన్న అప్పుతో నిజమైన వ్యాపారం నడిపే కోర్సు ఏళ్ళ తరబడి ఉంది. వచ్చిన లాభం ధార్మిక సంస్థలకి వెళ్తుంది. కాబట్టి వాళ్ళకి మిగిలేది లెక్కలు సరిచూసుకోవడం, స్నేహితుణ్ణి పనిలోంచి తప్పించాల్సి రావడం లాంటి అనుభవాలే. కోట్ల పెట్టుబడి లేకుండానే ఏ కాలేజీ అయినా మొదలుపెట్టగలిగేది ఇదొక్కటే అనిపించింది నాకు. ఆవరణలో 28 అడుగుల భూగోళం తిరుగుతుంటుంది, న్యూటన్ ఆపిల్ చెట్టు అంటు కూడా ఉంది. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదో ఆకర్షణ.

ఎప్పుడు వెళ్ళాలి అంటే, నా ఓటు సెప్టెంబరుకే. ఒకటో తారీఖు మాత్రం తప్పించండి, ఆరోజు బోస్టన్‌లో సగం ఊరు ఇళ్ళు మారుతుంది, ప్రతి సందులోనూ సామాన్ల వ్యాన్లే. ఆ తర్వాతి రెండు మూడు వారాల్లో డెల్టా వీ బృందాలు తమ కంపెనీలని అందరి ముందూ చూపించే డెమో డే ఉంటుంది. దానికి దగ్గర్లోని గురువారం వెంచర్ కెఫేకి ఉంచుకుని, డెమో డే తేదీ ప్రకటించగానే సీటు నమోదు చేసుకుని, ఆ తర్వాతే విమానం టికెట్ కొనండి.