వంజంగి, లంబసింగి, అరకు: టెంటు కంటే ముందు కొనాల్సినవి

విశాఖ వాళ్లకు క్యాంపింగ్ సీజన్ అంటే నవంబరు నుంచి జనవరి దాకానే. శనివారం వచ్చిందంటే పాడేరు ఘాట్‌లో బళ్లు బారులు తీరతాయి. సొంత సామాను కొనాలా, అద్దెకు తీసుకుంటే చాలా అని చాలామంది అడుగుతున్నారు. అమ్మతో, పిల్లలతో కారులో వెళ్లాను, స్నేహితులతో బ్యాగు భుజానేసుకుని కూడా వెళ్లాను. రెండూ చూశాక గట్టిగా చెప్పగలిగింది ఒకటే: ముందు స్లీపింగ్ బ్యాగు, మ్యాట్ కొనండి. టెంటు తర్వాత చూసుకోవచ్చు.

లంబసింగి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది. చలి ముదిరినప్పుడు తెల్లవారుజామున ఉష్ణోగ్రత 5 డిగ్రీల కిందకు దిగుతుంది, కొన్నిసార్లు సున్నా దగ్గరికీ వెళ్తుంది. కానీ మనల్ని నిద్రపోనివ్వనిది గాలి కాదు, నేల. ఎంత మందమైన స్లీపింగ్ బ్యాగైనా ఒంటి బరువుకి కింద భాగం అణిగిపోతుంది, అక్కడ వెచ్చదనం ఉండదు. అందుకే మ్యాట్ కావాలి. చలిని ఎంత ఆపుతుందో చెప్పే ఆర్-వాల్యూ మ్యాట్ మీద ఉంటుంది. ఒకదాని మీద ఒకటి వేస్తే రెండింటి విలువలూ కలుస్తాయి. అమ్మకు గాలి మ్యాట్ కింద ఫోమ్ షీటు పరిచాం, నడుం నొప్పి లేకుండా తెల్లారేదాకా పడుకుంది. నాకు అంతకంటే ఏం కావాలి!

స్లీపింగ్ బ్యాగు లేబుల్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని మూడు అంకెలుంటాయి. షాపులో చివరి అంకె చూపించి అమ్మేస్తారు. అది ప్రాణం నిలిచే హద్దు మాత్రమే, హాయిగా పడుకునే చలి కాదు. పిల్లలకు, పెద్దవాళ్లకు కంఫర్ట్ అంకె చూసే తీసుకోవాలి. మన కొండలకు 5 డిగ్రీల కంఫర్ట్ ఉన్నది, దానికి తోడు ఒక దుప్పటి సరిపోతాయి.

టెంటు సంగతికొస్తే, వంజంగి కొండ కింద అద్దెకిచ్చేవి ఎక్కువగా ఒకే పొర ఉన్నవి. మన ఊపిరిలోని తేమే లోపలి గుడ్డకు పట్టి, తెల్లారేసరికి బొట్లుబొట్లుగా మీద పడుతుంది. ఒకచోట అయితే తడి ఆరని టెంటునే మాకిచ్చారు, పిల్లల బట్టలన్నీ చెమ్మగిల్లాయి. కొనేటప్పుడు లోపల జాలీ గుడ్డ, పైన విడిగా రెయిన్‌ఫ్లై, అంటే వాన ఆపే పై కప్పు గుడ్డ, ఉన్నదే చూడండి. కొన్నాక డాబా మీద వేసి పైపుతో నీళ్లు కొట్టండి, కుట్లు కారుతున్నాయో లేదో తెలిసిపోతుంది. గాలికి నిలుస్తుందా అన్నది భీమిలి తీరంలో ఒక సాయంత్రం వేసి చూస్తే చాలు. ఇసుకలో మామూలు మేకులు నిలవవు, సంచుల్లో ఇసుక నింపి తాళ్లకు కట్టాలి.

కుటుంబానికి ఆరుగురు పట్టే టెంటు హాయే కానీ, దాని బరువు కారు డిక్కీకే తగింది. అరకు రైలెక్కి వెళ్లేవాళ్లకు ఇద్దరి టెంటు రెండు కిలోలు దాటకూడదు. ఆ 58 సొరంగాల దారి కోసమైనా ఒకసారి రైల్లో వెళ్లాలి. స్టవ్ గ్యాస్ డబ్బాలు మాత్రం రైల్లో నిషేధం, బ్యాగులో పెట్టుకోకండి. కారులో తీసుకెళ్లినా అచ్చంగా బ్యూటేన్ ఉన్న డబ్బా చలికి మొరాయిస్తుంది, ప్రొపేన్ కలిసినది నయం. దారిలో అనంతగిరి దగ్గర బొంగులో చికెన్ దొరుకుతుంది కాబట్టి మాకు స్టవ్ టీకి, పిల్లల పాలకే పనికొచ్చింది.

వంజంగిలో మేఘాలు చూడాలంటే చీకట్లోనే కొండెక్కాలి, మనిషికొక హెడ్‌ల్యాంప్ ఉండాలి. చేతిలో ఫోన్ లైటు పట్టుకుని పిల్లల్ని ఎక్కించడం ప్రమాదం. అమ్మలాంటి వాళ్లతో వెళ్తే అన్ని రాత్రులూ టెంటులో వద్దు. ఒక రాత్రికి అరకులోనో అనంతగిరిలోనో టూరిజం వాళ్ల హరిత రిసార్టులో గది తీసుకోండి. సీజన్లో శని, ఆదివారాలకు ముందుగానే బుక్ చేసుకోవాలి.