ఎంబీఏ వాళ్లకి టోస్ట్‌మాస్టర్స్ ఎంతవరకు పనికొస్తుంది?

ఎంబీఏ చదివినంతకాలం, ఉద్యోగంలో చేరాక కూడా వైజాగ్‌లో టోస్ట్‌మాస్టర్స్ (నలుగురి ముందు మాట్లాడటం సాధన చేసే క్లబ్బు) మీటింగులకి వెళ్తూనే ఉన్నాను. కాలేజీలో సాఫ్ట్ స్కిల్స్ పీరియడ్ ఉండేది గానీ, పీపీటీలు అయ్యేసరికే బెల్ కొట్టేసేవారు.

ఇక్కడ అందరికీ వంతు వస్తుంది. మామూలు ప్రసంగానికి 5 నుంచి 7 నిమిషాలు. అయిదో నిమిషంలో పచ్చ కార్డు, ఆరుకి పసుపు, ఏడుకి ఎరుపు చూపిస్తారు. మన 'ఆఁ'లూ 'ఊఁ'లూ లెక్కపెట్టడానికే ఒక మనిషి ఉంటారు. టేబుల్ టాపిక్స్‌లో అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. శ్రీకాకుళం, పాడేరు వైపు నుంచి తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లకి దీనితోనే దడ. ఇంగ్లీషు రాక కాదు, తప్పు మాట్లాడితే నవ్వుతారేమోనని టెన్షన్. ఆ బెరుకు వదిలాక వాళ్లలో కొందరు సిటీ పిల్లల్ని దాటేశారు. చెప్పడానికి వాళ్ల దగ్గర సంగతులున్నాయి మరి!

ప్రసంగాల కన్నా నాకు ఎవాల్యుయేటర్ పనే ఎక్కువ నేర్పింది. ఎదుటివాళ్లు మాట్లాడినంతసేపూ చెవొగ్గి వినాలి. తర్వాత లేచి, ఏది బాగుందో ఏది మార్చుకోవాలో రెండు మూడు నిమిషాల్లో నొప్పించకుండా చెప్పాలి. 'సూపర్' అని కూర్చుంటే కుదరదు. 'మొదట్లో నేలచూపులు చూశావు, మీ అమ్మమ్మ సంగతి వచ్చాకే మా వైపు తిరిగావు' అనేంత వివరంగా ఉండాలి.

ఇప్పుడు గాజువాక, పూర్ణా మార్కెట్ వైపు డీలర్లతో నా పని. మాటంతా తెలుగే. ఎక్స్‌పైరీ సరుకు వెనక్కి తీసుకోలేదని షావుకారు అరుస్తుంటే అడ్డుపడకుండా వింటాను. ఆయన బాధని ఆయనకే రెండు ముక్కల్లో తిరిగి చెబుతాను. సగం కోపం అక్కడే దిగుతుంది.

గ్రూప్ డిస్కషన్‌కి మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. మీటింగులో మధ్యలో ఎవరూ అడ్డురారు, జీడీలో అందరూ ఒకేసారి మీదపడతారు. దానికోసం మేం హాస్టల్ గదిలో విడిగా తిప్పలు పడ్డాం. జీతం బేరమాడటం, బాస్‌కి కుదరదని చెప్పడం లాంటివి కూడా ఇక్కడ పెద్దగా తగలవు.

సభ్యత్వ రుసుము ఆరు నెలలకోసారి కట్టాలి. ముందు అతిథిగా వెళ్లి చూడండి. వీలైతే ఉద్యోగస్తులు వచ్చే క్లబ్బులో చేరండి. అందరూ క్లాస్‌మేట్లే అయితే మొహమాటానికి మెచ్చుకుని పంపేస్తారు.