చపాటా కారం పట్టించేవాళ్లు జాగ్రత్త: గిర్నీలో పోసింది ఒకటి, మన కవర్లోకి వచ్చింది ఇంకొకటి

తొక్కు (మామిడికాయ పచ్చడి) సీజన్ ఇంకా అయిపోలేదు. కారం పట్టించని వాళ్లు చాలామందే ఉంటారు. అందుకే కోపం చల్లారకముందే రాస్తున్నాను, అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి.

మేం కారం పట్టించిన గిర్నీ (మర) పేరు రాయను. ఎండలు ముదిరితే పొద్దున్నే జనం లైన్ కట్టే గిర్నీల్లో అదొకటి. "మీ కళ్లముందే పట్టిస్తాం" అని రీల్స్ చేసి వదులుతుంటాడు. ఇంత చెప్తే హనుమకొండలో సగం మందికి అర్థమైపోతుంది. మిగతావాళ్లు ఏ గిర్నీకి వెళ్లేదున్నా ఇది చదివి వెళ్లండి.

మామూలుగా ప్రతి ఏడూ మా అత్తమ్మ తెలిసినవాళ్లతో వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి మిరపకాయ తెప్పించి, డాబా మీద ఎండబెట్టి, తొడిమలు తీసి గిర్నీకి పంపేది. ఈసారి ఆమెకు మోకాళ్ల నొప్పులు, నాకు ఆఫీసు, పిల్లలకు పరీక్షలు. ఈ గిర్నీలో కాయ కూడా వాళ్లే అమ్ముతారు, తొడిమలు తీసి రెడీగా ఉంటుంది, అక్కడికక్కడే పట్టిస్తారు. ఇంకేం కావాలి? రెండు పాళ్లు చపాటా రకం కాయ, ఒక పాలు తేజ రకం. చపాటా రంగుకి, తేజ మంటకి. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కాయ బాగుంది. ఆ విషయంలో అబద్ధం చెప్పను. చపాటా టమాటాలా గుండ్రంగా, ముదురు ఎరుపులో నిగనిగలాడుతోంది. తేజను తుంచితే ముక్కు అదిరింది. తాలు కాయ (రంగు వెలిసిన నాసి కాయ) ఒక్కటి లేకుండా నేనే దగ్గరుండి ఏరించాను. కాంటా పెట్టాడు, గిర్నీలో పోశాడు, మోటారు ఆన్ చేశాడు. అప్పటిదాకా నిజంగానే మా కళ్లముందే. అప్పుడు అత్తమ్మతో అన్నాడు:

"పెద్దమ్మా, ఘాటు లేస్తది, దగ్గు పడ్తది. బయట కుర్చీలేసిన, కూసోండ్రి. చాయ్ చెప్త."

ఎంత మర్యాద! అత్తమ్మ అయితే మురిసిపోయింది, "మంచి పిలగాడు" అని. కారం గిర్నీ దగ్గర నిలబడితే ఎవరికైనా కళ్లలో నీళ్లు కారతాయి. బయట కూర్చోండి అంటే కాదనేదెవరు? వాడి వ్యాపారమంతా ఆ ఒక్క మాటలోనే ఉందని మాకేం తెలుసు. చాయ్ మాత్రం బాగుంది, అల్లం కూడా వేశారు.

మోటారు ఆగింది. కవర్లు వాడే మోసుకొచ్చి కారు డిక్కీలో సర్దాడు. డిక్కీలో చోటు చాలక కవరు ఒకటి మిగిలితే నేను ఒళ్లో పెట్టుకున్నాను. చల్లగా ఉంది.

ఎప్పుడైనా కారం పట్టించినవాళ్లకు ఇక చెప్పక్కర్లేదు. గిర్నీ నుంచి అప్పుడే దిగిన కారం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. మూతి కడితే కవరు లోపల చెమట పడుతుంది. ఇంటికి రాగానే పేపర్లు పరిచి ఆరబోసి, పూర్తిగా చల్లారాక గానీ డబ్బాకెత్తం. నా ఒళ్లో ఉన్నది మాత్రం కొట్లో అర మీద నుంచి తీసిన ఉప్పు ప్యాకెట్ ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంది. ఏసీ వేశాం కదా అందుకేమో అనుకున్నాను. కాలేజీలో థర్మోడైనమిక్స్ చదివిన బుర్ర మరి!

తొక్కు పెట్టిన రోజు బండారం బయటపడింది. మా ఇంట్లో తొక్కు కలిపేది అత్తమ్మే, ఒట్టి చేతులతోనే. మామిడికాయ ముక్కలు, ఉప్పు, ఆవపిండి, మెంతిపిండి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద, కాచి చల్లార్చిన పల్లి నూనె, ఆ పైన ఈ కారం. ఎప్పుడూ కలపడం అయ్యేసరికి ఆమె అరచేతులు మండిపోయి, మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చుంటుంది. ఈసారి చేతులు కడుక్కుని వచ్చి నా ముందు పెట్టింది. "గిదేం కారమే, చెయ్యి సుర్రుమనలే" అంది.

మంట లేదు కానీ రంగు ఉంది. సబ్బుతో రుద్దినా, శనగపిండితో రుద్దినా అరచేతి గీతల్లో గులాబీ రంగు అలాగే నిలిచింది. కారం మరకంటే నారింజ రంగులో ఉండాలి కదా, ఇది గులాబీ. జాడీకి వాసెన కట్టిన తెల్లగుడ్డ అంచుకు కూడా అదే రంగు. అసలు కారం మరక, పసుపు మరక రెండూ ఎండలో వేస్తే వెలిసిపోతాయి. ఈ గుడ్డ డాబా మీద మాడినా రంగు తగ్గలేదు.

మావాడు ఫోన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వాళ్ల కల్తీ పరీక్షల పుస్తకం తీశాడు. గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చెంచాడు కారం చల్లాలి, కలపకూడదు. మంచి కారం పైన తేలుతూ మెల్లగా దిగుతుంది. రంగు కలిపితే చల్లిన వెంటనే చారలు చారలుగా రంగు కిందికి దిగుతుంది. మా గ్లాసులో చెంచా పక్కన పెట్టేలోపే గులాబీ దారాలు అడుగుకు చేరాయి. పోయినేటి కారం డబ్బా అడుగున కొంచెం మిగిలి ఉంటే అదీ ఇంకో గ్లాసులో చల్లాం. అది బుద్ధిగా పైనే తేలింది.

వెంటనే కవరు పట్టుకుని వెళ్లాం. అత్తమ్మ కూడా మోకాళ్ల నొప్పులతోనే వచ్చింది, చేతులు చూపించడానికి. గొడవ ఉద్దేశం కూడా లేదు ఆమెకు. "కొడుకా, కారం మారిపోయినట్టుంది, చూడు" అని మెత్తగానే అడిగింది. వాడు చూడను కూడా చూడలేదు.

"చపాటా అంటేనే గట్లుంటది పెద్దమ్మా. మంట తక్కువ, రంగు ఎక్కువ. తెలుసుకొని కొనాలె."

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఎందుకంటే వాడు చెప్పింది అబద్ధం కాదు. చపాటాకు మంట తక్కువే, రంగు ఎక్కువే, దాని గొప్పే అది. నర్సంపేట, ములుగు వైపు రైతులు తరతరాలుగా విత్తనం దాచుకుని పండించుకుంటూ వచ్చారు కాబట్టే 2025లో వరంగల్ చపాటాకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది. ఆ పేరు రాగానే ఇలాంటివాళ్లకు సాకు దొరికింది. కారం ఎర్రగా ఉంటే చపాటా, మంట లేకపోయినా చపాటా, రంగు చేతికంటినా చపాటానే! రైతు కష్టం మీద వచ్చిన పేరును వీడు రంగు డబ్బా మీద అతికించుకున్నాడు.

"మరి తేజ ఏమైంది? ఒక పాలు తేజ పోయించాను కదా, దాని మంట ఎటు పోయింది?" అన్నాను. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గొంతు మారింది.

"ఎర్రగ లేకుంటే ఎర్రగ లేదంటరు, ఎర్రగుంటే రంగంటరు. మీ అసొంటోళ్లతోటి యాపారం చేసుడే తప్పు. ల్యాబ్‌కు పంపుకో పో, ఎవలొద్దన్నరు?"

లైన్లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. మా అత్తమ్మ చెంగులో చేతులు దాచుకుంది. రంగు కలిపింది వాడు, సిగ్గుపడింది ఈమె. డబ్బు పోయినందుకు కాదు, ఆ దృశ్యానికే నాకు ఇప్పటికీ కోపం దిగడం లేదు. ఒక్క మాట, "చూస్తానమ్మా" అని ఉంటే ఇంత రాసేదాన్ని కాదేమో. గిర్నీ వెనక గది తలుపు సగం తెరిచి ఉంది. లోపల మూతి కట్టిన బస్తాలు, పట్టి సిద్ధంగా పెట్టినవి. మా కాయ ఏ బస్తాలో కలిసిందో, మా ముందు లైన్లో ఉన్నావిడ ఎవరి కాయ ఏరించుకుంటోందో.

ల్యాబ్‌కు పంపుకో పో అన్నాడు కదా, ఆ దారీ కనుక్కున్నాను. 2006 ఆహార భద్రత చట్టం ప్రకారం కొన్నవాళ్లెవరైనా ఫీజు కట్టి ఫుడ్ అనలిస్ట్‌తో పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే ఒక షరతు ఉంది. "దీన్ని పరీక్షకు పంపబోతున్నాను" అని కొనేటప్పుడే అమ్మేవాడికి చెప్పాలట! తొక్కుకు కారం కొంటూ ఆ మాట చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే దండం పెట్టాలి. అంతకంటే నయం, ఫుడ్ సేఫ్టీ అధికారులకు ఫిర్యాదు చేయడం. వాళ్లే కొట్టుకు వచ్చి శాంపిల్ తీసి, నాలుగు భాగాలు చేసి సీలు వేస్తారు. అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. నేను ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫోటోలు, వీడియో పెట్టి ఫిర్యాదు చేశాను. రిపోర్టు వస్తే ఇక్కడే పెడతాను.

కారంలో ఏ రంగూ కలపకూడదు. "కొంచెం", "ఫుడ్ కలర్" అనే మాటే లేదు. మిఠాయిల్లో కొన్ని రంగులకు అనుమతి ఉంది కదా అని కొందరు వాదిస్తారు, కారానికి అదీ లేదు. కొంచెం వంట నూనె కలపనిస్తారు, అది కూడా రెండు శాతం లోపు, ప్యాకెట్ మీద రాసి. ఇక పట్టుబడే రంగులు చూస్తే కడుపులో తిప్పుతుంది. రోడమిన్-బి బట్టలకు, కాగితాలకు వేసే గులాబీ రంగు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచు మిఠాయిని నిషేధించింది దీనివల్లే. సూడాన్ రంగులు మైనానికి, బూట్ పాలిష్‌కు వాడేవి. 2005లో బ్రిటన్‌లో ఒక సాస్‌లో వేసిన కారంలో సూడాన్-1 ఉందని తేలి, వందల రకాల సరుకు కొట్లలోంచి వెనక్కి తీసుకున్నారు. మనం తొక్కు ఏడాదంతా, పిల్లలకు పప్పన్నంలో నంజుకు పెట్టి మరీ తింటాం.

ఇంకో సంగతి. గ్లాసు పరీక్షలో పాసైతే కారం మంచిదని గుండె మీద చెయ్యి వేసుకోకండి. ఆ పరీక్షలో దొరికేది నీళ్లలో కరిగే రంగు మాత్రమే. సూడాన్ నూనెలో కరిగే రకం, నీళ్లలో నోరు విప్పదు. పోనీ నూనెలో వేసి చూద్దామా అంటే, అసలు కారం రంగు కూడా నూనెలోనే దిగుతుంది, తేడా తెలియదు. అది ల్యాబ్‌లోనే తేలాలి. గ్లాసులో ఫెయిలైతే మాత్రం ఇక ఆలోచించకండి, తినకండి. గ్లాసు అడుగున చేరింది వేళ్లతో నలిపి చూడండి, గరగరలాడితే ఇటుక పొడో ఇసుకో ఉన్నట్టు.

బూజు సంగతి కూడా చెప్పాలి, రంగు గొడవలో అది మర్చిపోతాం. తూకం పెరగాలని కాయ మీద నీళ్లు చల్లుతారు. తడి కాయకు బూజు పట్టి అఫ్లటాక్సిన్ పుడుతుంది. అది కాలేయ క్యాన్సర్‌కు కారణమని తేలిన విషం, వండినా సరిగా పోదు. కాయ చేత్తో నలిపితే గలగలమనాలి, మెత్తగా వంగితే వద్దు. తాలు కాయ చవకని అసలే వద్దు.

మొత్తం తొక్కు పారబోశాం. జాడీ కూడా పక్కన పెట్టేశాం. "బర్రెలకైనా వేద్దాం" అంది పక్కింటావిడ, పాపం అవేం చేశాయి.

సలహా అంటే ఇంతే. కాయ మీరే తెచ్చుకోండి, గిర్నీలో పోసేముందు లోపల పాత పిండి దులపమనండి, దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ముక్కుకు గుడ్డ కట్టుకుని అక్కడే నిలబడండి. చాయ్ తర్వాత తాగొచ్చు. కవరు చేతికి రాగానే పట్టుకు చూడండి, వేడిగా లేకపోతే అక్కడే అడగండి. పట్టిన కారం విడిగా బస్తాలోంచి తూచి ఇస్తుంటే కొనకండి, పొడి మసాలాలు ప్యాక్ చేసే అమ్మాలని రూల్ ఉంది. ప్యాకెట్ మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్స్ నంబరు చూడండి.

ఈ సీజన్‌లో అదే గిర్నీలో పట్టించినవాళ్లు ఉంటే కారం పారేయకండి, తెరవని కవరు ఉంటే తెరవకుండా పక్కన పెట్టండి. వాడు బిల్లు ఇవ్వడు, చీటీ మీద కిలోలు మాత్రమే రాస్తాడు. ఆ చీటీ, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దాచుకుని మీరూ ఫిర్యాదు పెట్టండి. ఒక్కరు పెడితే "ఆమెకు చపాటా అంటే తెల్వదు" అని కొట్టిపారేస్తాడు.