బీఎక్స్‌తో తొమ్మిదేళ్ళు: మా గౌరి సంగతి

ఫ్రాన్సులో టూలూజ్ చుట్టుపక్కల ఏ పల్లెకి వెళ్ళినా మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి స్పీడ్‌బ్రేకర్ ఖాయం. ఫ్రెంచిలో దాన్ని "గాడిద వీపు" అంటారు. నా పాత కారు సిట్రోయెన్ బీఎక్స్ ఎలా ఉందని ఎవరడిగినా నేను ముందు ఆ గాడిద వీపుల మీదికే తీసుకెళ్తాను. 2016లో ఒక పెద్దాయన దగ్గర కొన్నాను. 1990 మోడల్, పెట్రోలు. ఇంజను, గేర్లు, మైలేజీ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, ఆ కాలం కార్లలాగే ఉంటాయి. సస్పెన్షన్ మాత్రం వేరే లోకం.

దీనికి స్ప్రింగులుండవు. ఒక్కో చక్రానికి చిన్న కొబ్బరికాయంత ఇనుప గుండు ఒకటి. లోపల రబ్బరు పొర, దానికి ఒకవైపు నైట్రోజన్, ఇంకోవైపు పచ్చటి నూనె. గుంటలో పడ్డ దెబ్బంతా ఆ గ్యాసు మింగేస్తుంది. నూనెని తోసేది ఇంజను తిప్పే పంపు కాబట్టి రాత్రంతా ఆగిన బండి పొద్దునకి నేల మీదికి కూలబడి ఉంటుంది, స్టార్ట్ చేశాక మొదట వెనక భాగం లేస్తుంది, తర్వాత ముక్కు లేస్తుంది. 2019లో అమ్మానాన్నా వచ్చినప్పుడు అమ్మ అది చూసి "అచ్చం ఆవు లేచినట్టే లేస్తోందిరా" అంది. ఆ రోజు నుంచీ దాని పేరు గౌరి.

నాన్న ముప్ఫై ఏళ్ళు బస్సు తోలిన మనిషి, నడుము నొప్పి. మొదటి గాడిద వీపు కనపడగానే తలుపు పైనున్న పిడి పట్టుకుని బిగుసుకుపోయారు. దాటేశాం. ఆయన ఇంకా పిడి వదల్లేదు. కాసేపటికి "అయిపోయిందా?" అన్నారు. ఆ తర్వాత ఇంటిదాకా మాట్లాడలేదు. మర్నాడు పొద్దున చూస్తే బండి కింద పడుకుని ఆ ఇనుప గుండ్లు వెతుకుతున్నారు! (ఇంజను నడిచేటప్పుడు గానీ, గట్టి జాక్ స్టాండ్ల ఆసరా లేకుండా గానీ దీని కింద ఎవరూ దూరొద్దు. పీడనం పోతే బండి దిగిపోతుంది.)

ఆ నెలలోనే ఒక ఆదివారం పిరనీస్ కొండల్లో ఆక్స్-లె-తెర్మ్‌కి బయల్దేరాం. ఊరి నడిమధ్య వేడినీటి ఊట తొట్టి ఉంటుంది, జనం కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, నాన్నకి పనికొస్తుందని. ఫ్వా అనే ఊరు దాటాక డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది, దాంతోపాటు పెద్ద అక్షరాలతో స్టాప్. బ్రేకులు కూడా ఆ పచ్చ నూనెతోనే పనిచేస్తాయి కాబట్టి ఇక టెన్షన్ మొదలైంది, మెల్లగా ఒక పొలం పక్కన ఆపాను. కిందంతా పచ్చగా కారుతోంది. నూనె తిరిగి ట్యాంకులోకొచ్చే రబ్బరు గొట్టాలు చాలా కాళ్ళున్న పురుగులా ఉంటాయి, ఇక్కడి వాళ్ళు దాన్ని ఆక్టోపస్సే అంటారు, అందులో ఒక కాలు చిరిగింది. ముప్ఫై ఏళ్ళ రబ్బరు మరి. పైగా మార్చమని మెకానిక్ రెండుసార్లు చెప్పినా వినంది నేనే.

ఆదివారం, అన్నీ మూసేసి ఉన్నాయి. డిక్కీలో మా ఆవిడ కారు కోసం కొన్న బ్రేక్ ఆయిల్ డబ్బా ఉంది. నేను ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం అటూ ఇటూ తిరుగుతుంటే నాన్న మూత తీసి పోయబోయారు. ఎక్కణ్ణుంచొచ్చాడో తెలీదు, ఒక ముసలి రైతు "నో నో నో" అంటూ పరిగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ ఆయిల్ పడితే సిస్టమ్‌లో రబ్బరు సీళ్ళన్నీ నాశనమయ్యేవి. ఆ రైతుకీ ఒకప్పుడు బీఎక్సే ఉండేదట. కొట్టంలోకి వెళ్ళి సగం డబ్బా పచ్చ నూనె, ఒక క్లాంపు, జేబుకత్తి తెచ్చాడు. చిరిగిన కొస కోసేసి, గొట్టం మళ్ళీ తొడిగి బిగించాడు. నాన్నకి ఫ్రెంచి రాదు, ఆయనకి తెలుగు రాదు, అయినా గంటసేపు బానెట్ కింద తలలు పెట్టి ఇద్దరూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నారు. డబ్బులు తీసుకోలేదు. వేడినీళ్ళ దగ్గరికి సాయంత్రం చేరాం.

ఇదివరకు నేను దీన్ని పూలపల్లకీ అనేవాణ్ణి. కొంచెం సవరించుకుంటున్నాను. గుండ్లలో గ్యాసు ఏళ్ళ తరబడి చిన్నగా తగ్గుతుంది, రోజూ నడిపేవాడికి తెలియదు. 2021లో మా ఆవిడ చాలా రోజులకి ఎక్కి "ఇదేంటి, ఎడ్లబండిలా కుదుపుతోంది?" అనేదాకా నాకు తట్టలేదు. గుండ్లు మార్పించాక మళ్ళీ మామూలైంది. మెత్తదనానికి ఇంకో రుసుము కూడా ఉంది: కొండ మలుపుల్లో పడవలా ఒరుగుతుంది, మా వాడికి వాంతులు. బ్రేకు పెడల్ కాలు తగిలితే చాలు పట్టేస్తుంది, వేరే కారు దిగి ఇదెక్కిన రోజు మొదటి సిగ్నల్ దగ్గర అందరికీ దండం పెట్టిస్తుంది.

1982లో దీన్ని ఐఫిల్ టవర్ కింద ఆవిష్కరించారు. గీసింది లంబోర్గిని కౌంటాష్ గీసిన ఇటలీ డిజైనర్ గాందీనీయే. 1994 దాకా 23 లక్షలకు పైగా తయారయ్యాయి. అయినా ఇదే కంపెనీ పాత మోడల్ డీఎస్‌కి దక్కే పూజ దీనికి లేదు. చవగ్గా, ప్రతి వీధిలో ఉన్న బండిని దాచుకోవాలని ఎవరికీ అనిపించలేదు, మూలపడగానే తుక్కుకి పంపేశారు. ఇప్పుడు పార్కింగులో ఎవరైనా ఆగి చూస్తే "మా తాతకుండేది" అంటారు, అంతే.

కొనొచ్చా అంటే ఏం చెప్పను. నేను ఆఫీసుకి మెట్రోలో వెళ్తాను, ఇంటికి షెడ్డుంది, రెండు వీధుల అవతల ఈ బండ్లు తెలిసిన రిటైర్డ్ మెకానిక్ ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటాక కలెక్షన్ కార్డు (పాత బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్) తీసుకున్నాను కాబట్టి తనిఖీ రెండేళ్ళకి కాకుండా ఐదేళ్ళకోసారే. నా దాంట్లో ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు. బాబుతో హైవే మీద దూరం వెళ్ళాలంటే మా ఆవిడ తన కారు తాళాలే తీస్తుంది, నేనేమీ అనను.

చూడ్డానికి వెళ్తే మాత్రం ఒకటి చేయండి. ఇంజను ఆన్‌లో ఉంచి, బానెట్ ఎత్తి చెవి పెట్టండి. టిక్ అని ఒక శబ్దం వస్తుంది. మళ్ళీ వచ్చేలోపు అర నిమిషం పడితే పర్లేదు. గడియారంలా టిక్కుటిక్కుమంటే చక్రాలవి కాక పీడనం నిలవ ఉంచే ముఖ్యమైన గుండు ఇంకోటుంది, అది పోయినట్టే, ఆ మేరకు బేరం ఆడండి.