ఎంపీ నిధులా, ఎమ్మెల్యే గడప గడపా, దత్తత గ్రామమా: ఊరికి ఏది మేలు?

మా ఊరి బడి పక్కన ఒక మంచినీళ్ల ప్లాంటు ఉంది. ఉంది అంటే గది ఉంది, పైన ట్యాంకు ఉంది, గోడకి నల్లరాయి ఫలకం మీద బంగారు రంగు అక్షరాల్లో అప్పటి ఎంపీ గారి పేరుంది. నీళ్లు మాత్రం రెండేళ్లు వచ్చి ఆగిపోయాయి. మెంబ్రేన్లు (నీళ్లని వడకట్టే పొరలు) పాడయ్యాయి, కరెంటు బిల్లు బాకీ పడింది. కాగితం రాసుకుని నలుగురం క్యాంపు ఆఫీసుకి వెళ్తే పీఏ మర్యాదగానే చెప్పాడు: "కట్టించడం వరకే అన్నా మా వంతు. నడుపుకోవడం పంచాయతీది." సాకు చెప్తున్నాడనుకుని తిట్టుకుంటూ వచ్చాం. తర్వాత వాకబు చేస్తే రూలు నిజంగా అదే. ఎంపీ లాడ్స్, అంటే ఎంపీల స్థానిక అభివృద్ధి నిధి డబ్బు ఆస్తి కట్టడానికి ఇస్తారు, దాన్ని నడిపే రోజువారీ ఖర్చుకి ఇవ్వరు.

అప్పట్నుంచి ఊళ్లో ఏ పని మాట వచ్చినా నాకు ఒకటే ప్రశ్న. ఎవర్ని అడగాలన్నది తర్వాత, అసలు ఏ దారిలో అడగాలి?

ముందు ఎంపీ నిధుల సంగతి. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993 డిసెంబరు 23న ఈ పథకం ప్రకటించారు. మొదటి ఏడాది ఒక్కో ఎంపీకి 5 లక్షలు, మరుసటి ఏడాది నుంచి కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12లో 5 కోట్లు. ఆ 5 కోట్ల దగ్గరే ఆగింది. సిమెంటూ స్టీలూ ఆగాయా? కోవిడ్ వచ్చాక 2020 ఏప్రిల్‌లో పథకాన్నే ఆపేసి, 2021 నవంబరులో మళ్లీ తెరిచారు.

5 కోట్లంటే వినడానికి పెద్దదే. మన రెండు రాష్ట్రాల్లోనూ లోక్‌సభ స్థానానికి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. సమానంగా పంచితే ఒక్కో సెగ్మెంటుకి 71 లక్షలు. స్థానంలో 16 లక్షల ఓటర్లున్నారనుకుంటే తలకి ఏడాదికి ముప్ఫై ఒక్క రూపాయి. ఊరూరికీ పంచితే చేతిలో మిగిలేది బస్ షెల్టరే. అందుకే మన రోడ్ల మీద అన్ని బస్ షెల్టర్లు. కొన్నిటి దగ్గర బస్సు ఆగదు, అది వేరే సంగతి.

ఈ డబ్బు ఎంపీ జేబులోది కాదు, ఆయన ఖర్చు పెట్టేదీ కాదు. ఆయన సిఫార్సు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది, ఇంజినీరింగ్ శాఖ చేయిస్తుంది. అంటే ఎంపీ "సరే" అన్నాక కూడా ఫైలు జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి (సీపీవో) ఆఫీసులో ఉంటుంది. అక్కడికి రెండుసార్లు వెళ్లి ఎస్టిమేట్ ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కున్న ఊరికి పని అవుతుంది. ఎంపీకి శాలువా కప్పి ఇంటికొచ్చేసిన ఊరికి కాదు. ఇక గుడికీ మసీదుకీ చర్చికీ ఈ నిధులు రావు. అడిగి లేదనిపించుకోవద్దు.

చాలామంది వదిలేసేవి రెండున్నాయి. నిధుల్లో 15 శాతం ఎస్సీలుండే ప్రాంతాలకి, 7.5 శాతం ఎస్టీల ప్రాంతాలకి పెట్టాలి. 5 కోట్లలో అది కోటీ పన్నెండున్నర లక్షలు. మీరడిగే రోడ్డు ఎస్సీ కాలనీలోదైతే ఆ మాట అర్జీ మొదటి వాక్యంలోనే రాయండి. రెండోది, లోక్‌సభ సభ్యుడు తన స్థానంలో పనులు చూస్తే, రాజ్యసభ సభ్యుడు రాష్ట్రంలో ఎక్కడైనా ఇవ్వచ్చు. ఆయన తలుపు తట్టేవాళ్లు తక్కువ, కాబట్టి ఆ క్యూ చిన్నది.

ఎమ్మెల్యే దారి వేరే రకం. ఈయన మనిషి కనిపిస్తాడు. పెళ్లికొస్తాడు, చావుకొస్తాడు, మండలంలో ఎవరి పొలం ఎక్కడుందో ఎరుగును. తెలంగాణలో నియోజకవర్గ అభివృద్ధి నిధిని 2021లో 5 కోట్లకి పెంచారు. ఎంపీకి ఏడు సెగ్మెంట్లకి కలిపి ఎంతో, ఎమ్మెల్యేకి ఒక్కదానికే అంత. లెక్క చూస్తే ఇదే ఏడింతలు మేలనిపిస్తుంది. కానీ కాగితం మీది 5 కోట్లు విడుదలవడం వేరు. రాష్ట్ర ఖజానా బిగిసినప్పుడు ముందు ఆగేవి ఇలాంటి బిల్లులే. కాంట్రాక్టరు సగం డ్రైనేజీ తవ్వి, బిల్లు రాలేదని మిషన్ తీసుకుపోతే ఆ గుంట పక్కన కాపురం చేసేది మనం.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 మేలో మొదలైన గడప గడపకు కార్యక్రమాన్ని ఇక్కడ చెప్పుకోవాలి. పార్టీల గొడవ పక్కన పెట్టండి, పద్ధతి ఒక్కటే చూడండి. ఎమ్మెల్యే ఇంటింటికీ వెళ్లాల్సి ఉండేది, అక్కడ అడిగిన అత్యవసర పనులకి ఒక్కో గ్రామ, వార్డు సచివాలయం పరిధిలో 20 లక్షలు ఉండేవి. ఊరు తిరగడాన్నీ డబ్బునీ ఒకే ముడి వేయడం నాకు నచ్చింది. ఉత్త చేతులతో ఇంటికొచ్చే నాయకుడు నోట్‌బుక్‌లో రాసుకుని పోతాడు. చేతిలో 20 లక్షలున్నవాడు "ఈ వీధి దీపాలా, ఆ కల్వర్టా, రెంట్లో ఏది?" అని అడగగలడు. అలా అడిగినప్పుడే మన ఊళ్లో మనకే ఏకాభిప్రాయం లేదని బయటపడుతుంది. అయితే గడపలో నిలబడి అడిగేవాళ్లు ఎక్కువగా తమ ఇంటి ముందు పనే అడుగుతారు. ఊరి చివర బడి ప్రహరీ ఎవరి గడప ముందుంది?

మూడోది దత్తత. 2014 అక్టోబరులో సంసద్ ఆదర్శ గ్రామ యోజన వచ్చింది, ఎంపీ ఒక ఊరిని తీసుకుని బాగుచేయాలని. దానికి విడిగా నిధులు పెట్టలేదు, ఉన్న పథకాలనే ఆ ఊరికి కలిపి తేవాలి. మన వైపు అందరికీ గుర్తున్నది పుట్టంరాజువారి కండ్రిగ. అప్పట్లో నెల్లూరు జిల్లా గూడూరు దగ్గరి ఆ పల్లెని రాజ్యసభ నామినేటెడ్ సభ్యుడు సచిన్ టెండూల్కర్ దత్తత తీసుకుని, ఆ నవంబరులోనే స్వయంగా వచ్చారు. తన ఎంపీ నిధులూ పెట్టారు. క్రికెట్ దేవుడు వస్తున్నాడంటే ఏ శాఖ ఫైలు ఆగుతుంది చెప్పండి? ఆ ఊరికి అది బాగుంది. పక్క ఊరివాడి సంగతేంటి? చెల్లాచెదురుగా యాభై షెల్టర్లు కట్టడం కంటే ఒక చోట పూర్తిగా చేయడం మేలే. కానీ దత్తతకి ఎంచుకునే ఊళ్లలో మనది ఉండే అవకాశం లాటరీ టికెట్టంత. దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

ఇవి కాక సిఫార్సు లెటర్లు. ఏ ప్రజాప్రతినిధి ఆఫీసులోనైనా పొద్దున్నే జనం ఎక్కువగా వచ్చేది వీటికే. సగం తిరుమల దర్శనానికి, మిగతా సగం ముఖ్యమంత్రి సహాయ నిధికి. కేంద్రీయ విద్యాలయాల్లో ఎంపీకుండే 10 సీట్ల కోటా 2022లో తీసేశారు కాబట్టి ఆ రద్దీ తగ్గింది. ఆపరేషన్‌కి ముందు ఎల్‌వోసీ (ఖర్చు ప్రభుత్వం ఇస్తుందని ఆసుపత్రికి రాసే హామీ లేఖ) రాయించుకున్నవాళ్లకి ఆ లెటరే ప్రాణం, దాన్ని నేను తక్కువ చేయను. కాకపోతే ఒక ఇంటికి జరిగిన మేలుని ఊరికి జరిగిన మేలని లెక్క రాసుకోకూడదు.

నన్నడిగితే పనిని బట్టి దారి. వీధి కాలువ, చెత్త, మంచినీళ్ల పైపు అయితే ఎంపీ దాకా ఎందుకు? ఆర్థిక సంఘం నిధుల్లో నీటికీ పారిశుద్ధ్యానికీ కేటాయించిన వాటా పంచాయతీకే వస్తుంది, ముందు సర్పంచ్‌ని అడగండి. కల్వర్టు, సీసీ రోడ్డు లాంటివి ఎమ్మెల్యే దగ్గర త్వరగా తెములుతాయి, అదీ ప్రభుత్వం వచ్చిన మొదటి రెండేళ్లలో. బడికి అదనపు గది, లైబ్రరీ లాంటి ఒక్కసారి కట్టి వదిలేసేవి ఎంపీ నిధులకి సరిపోతాయి. మోటారూ ఫిల్టరూ మనిషీ కావలసినవి అక్కడ అడిగితే మా ప్లాంటు గతే.

ఇంత లెక్క చూశాక నాకనిపించింది, ఎంపీని ఆ 5 కోట్లలోంచి అడగడమే మనం చేస్తున్న పొరపాటు. ఆయన చేతిలో అంతకంటే పెద్దవి ఉన్నాయి. జిల్లాలో కేంద్ర పథకాలు ఎలా నడుస్తున్నాయో చూసే దిశ కమిటీకి లోక్‌సభ సభ్యుడే అధ్యక్షుడు. మూడు నెలలకోసారి సమావేశం, కలెక్టరూ అన్ని శాఖలవాళ్లూ ఎదురుగా ఉంటారు. ఉపాధి హామీ బకాయిలు, ఆగిపోయిన గ్రామ సడక్ రోడ్డు, ఇళ్ల పథకం, ఇవన్నీ అక్కడ అడిగించగలిగే ప్రశ్నలు. రైలు ఆపించడం, వానొస్తే మునిగే అండర్‌పాస్ సంగతి పార్లమెంటులో ఎత్తడం సర్పంచ్ వల్లా ఎమ్మెల్యే వల్లా అయ్యేవి కావు. అలాంటి పని చేయగలిగిన మనిషి దగ్గరికి పోయి మనం షెల్టరు అడిగి వస్తున్నాం.

మొన్నటి గ్రామసభలో ఈ వాదన పెడితే మా పెదనాన్న నవ్వాడు. "రైలు ఆగితే ఫలకం ఎక్కడ పెడతార్రా? ఫలకం లేని పని ఎవడు చేస్తాడు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అయినా తీర్మానం రాయించాం, ఉపాధి కూలీల బకాయిల గురించి, దిశ సమావేశంలో ఎత్తమని. కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. ప్లాంటుకి ఇంటికి రెండొందలు వేసుకుని మెంబ్రేన్లు మార్పించాం, ఇప్పుడు బిందె ఐదు రూపాయలు.