స్లీప్ సైకిల్ బ్యాండ్: రెండున్నరేళ్లు వాడాక, ఒకసారి మానుకోట దాకా వెళ్లొచ్చాక

మొదటి నెలలో నేను చేసిన ప్రచారం విని రోజూ నేనెక్కే ట్రైన్‌లో మా బోగీలో ముగ్గురు, నిద్రను కొలిచి పొద్దున లేపే ఈ మణికట్టు బ్యాండ్ కొనుక్కున్నారు. కాబట్టి మిగతా కథ కూడా చెప్పాలి. బ్యాండ్ మీద నాకు పెద్ద కోపం లేదు. దాని యాప్‌లో ‘ఎప్పుడు పడుకోవాలి’ అని ఒక పేజీ ఉంటుంది. కోపమంతా దాని మీదే.

నేనుండేది కాజీపేటలో, ఉద్యోగం సికింద్రాబాద్‌లో. సీజన్ పాస్ మీద రోజూ 132 కిలోమీటర్లు పోవడం, మళ్లీ అంతే రావడం. పొద్దున 4:45కి లేస్తేనే వంట అవుతుంది, బాక్సులు అవుతాయి, ట్రైన్ దొరుకుతుంది. రాత్రి ఇల్లు చేరేసరికి తొమ్మిది దాటుతుంది. నిద్రకు మిగిలేది ఆరు గంటలు. పెద్దవాళ్లకు ఏడు గంటలైనా ఉండాలంటారు, అది నాకు ఆదివారం మాటే. ఉన్న ఆరు గంటలనైనా సరిగ్గా వాడుకుందామని దీన్ని కొన్నాను.

ఇందులో నాకు బాగా నచ్చింది మణికట్టు మీద వచ్చే వైబ్రేషన్. మా చిన్నది నా చెయ్యి పట్టుకుని పడుకుంటుంది. ఫోన్ అలారం మోగితే నాకంటే ముందు అదే లేచి ఏడుపు మొదలుపెట్టేది. బ్యాండ్ జుయ్‌మని రెండుసార్లు అంటే నాకొక్కదానికే తెలుస్తుంది. మెల్లగా చెయ్యి లాక్కుని, దాని చేతిలో దిండు చివర పెట్టి వంటింట్లోకి వెళ్లిపోతాను. నా వరకు పెట్టిన డబ్బు అక్కడే చెల్లిపోయింది.

గాఢనిద్రలోంచి లాగినట్టు లేపితే చాలాసేపు తల దిమ్ముగా ఉంటుందని, అందుకే 4:15 నుంచి 4:45 లోపు తేలిక నిద్రలో ఉన్నప్పుడు చూసి లేపుతుందని చెబుతారు. మొదటి నెల నిజంగానే హాయిగా లేచాను. అందరికీ చెప్పింది ఆ నెల సంగతే. కానీ సాయంత్రం ఏడింటికి ట్రైన్‌లో తాగే చాయ్ మానేసింది కూడా అదే నెలలో. చాయ్‌లోని కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. మరి మెచ్చుకోవాల్సింది బ్యాండ్‌నా, మానేసిన చాయ్‌నా? పైగా గాఢనిద్ర ఎక్కువగా రాత్రి మొదటి సగంలోనే అయిపోతుంది. తెల్లవారుజామున ఎక్కువ భాగం తేలిక నిద్ర, కలల నిద్రే. ఆ వేళకు ఎవరు లేపినా తేలిగ్గా లేచే అవకాశమే ఎక్కువ.

ఇక ఆ పేజీ. తేలిక నిద్ర, గాఢనిద్ర, కలల నిద్ర ఒక చుట్టు తిరిగితే ఒక సైకిల్, దానికి 90 నిమిషాలట. నిద్ర పట్టడానికి ఇంకో 15. 4:45కి లేవాలంటే రాత్రి 10:30కి పడుకోవాలట, నాలుగు సైకిళ్లు వస్తాయి. అది దాటిపోతే 12:00కి, మూడు సైకిళ్లు. మధ్యలో పడుకుంటే సైకిల్ తెగిపోతుందని ఎర్ర రంగులో చూపిస్తుంది. లెక్కల పుస్తకాల మధ్య బతికే అకౌంటెంట్‌ని కదా, నమ్మేశాను.

మొన్నటి బతుకమ్మకు ఏమైందంటే, నానబియ్యం బతుకమ్మ రోజు కాలనీలో ఆడి ఇంటికొచ్చేసరికి 10:50. యాప్ చూస్తే ఎర్రగా ఉంది. కళ్లు మూతలు పడుతున్నాయి, అయినా పన్నెండు దాకా బట్టలు ఇస్త్రీ చేస్తూ కూర్చున్నాను. మా అత్తమ్మ మంచినీళ్లకు లేచి చూసి, “నిద్ర ముంచుకొస్తుంటే పండుకోవాలె గని, గడియారం జూసుకుంట కూసునుడేంది బిడ్డా?” అంది. నాలుగో రోజు అది. ఐదో రోజు అట్ల బతుకమ్మకూ అదే తంతు. రెండు రాత్రుల్లో రెండు గంటల నిద్రను నా చేతులతో నేనే పారబోసుకున్నాను.

ఆరో రోజు బతుకమ్మ అలుగుతుంది, ఆట ఉండదు. తొందరగా పడుకోవచ్చని సంబరపడుతూ సాయంత్రం ట్రైన్ ఎక్కాను. రోజూ చిక్కుడుకాయలు తుంచుకుంటూ కబుర్లు చెప్పే మా జట్టులో ఇద్దరు టీచర్లు, వాళ్లకు దసరా సెలవులు. మూడో అక్క పుట్టింటికి పోయింది. కిటికీ పక్క సీటు, చల్లగాలి. జనగామ రావడం గుర్తుంది. తర్వాత కళ్లు తెరిచేసరికి ప్లాట్‌ఫాం మీద బోర్డు: మహబూబాబాద్. మేం మానుకోట అనేది దీన్నే. కాజీపేట పోయింది, వరంగల్ పోయింది, 60 కిలోమీటర్లకు పైనే దాటొచ్చాను. ఫోన్‌లో మా ఆయనవి 11 మిస్డ్ కాల్స్. పాపం, కాజీపేట స్టేషన్ బయట బండి మీద కూర్చునే ఉన్నాడు.

చిత్రం ఏంటంటే, జనగామ నుంచి మానుకోటకు అటూ ఇటూగా గంటన్నర. అంటే సరిగ్గా ఒక సైకిల్! మెలకువ కూడా హాయిగానే వచ్చింది, బోర్డు చదివేదాకా. బ్యాండ్ ఏం రాసుకుందో చూద్దామని యాప్ తెరిస్తే నిద్ర ఊసే లేదు. ట్రైన్ కుదుపులకు నేను వేల అడుగులు నడిచానని మెచ్చుకుంటోంది. తిరుగు ట్రైన్ పట్టుకుని ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. “బతుకమ్మ సంగతేమో గని, నేనైతే అలిగిన” అన్నాడు మా ఆయన.

ఆ తర్వాత కుదురుగా చదివితే తెలిసింది, 90 అనేది సగటు మాత్రమే. సైకిల్ 70 నిమిషాలు ఉండొచ్చు, 120 ఉండొచ్చు. ఒకే మనిషికి ఒకే రాత్రి మొదటి సైకిల్‌కూ చివరి సైకిల్‌కూ తేడా వస్తుంది. సైకిల్‌కు 15 నిమిషాలు తప్పినా నాలుగింటికి గంట తేడా. ఎలా కట్టినా టాలీ కాని లెక్క ఇది. పైగా నిద్రలో ఏ దశ నడుస్తుందో సరిగ్గా తెలియాలంటే ల్యాబ్‌లో తలకు వైర్లు అంటించి మెదడు తరంగాలు చూడాలి. మణికట్టు మీది బ్యాండ్ కదలికను, నాడిని బట్టి ఊహిస్తుంది, అంతే.

ఇప్పుడు ఆ పేజీ తెరవను. నిద్ర వస్తే పడుకుంటాను, 11:10 అయినా సరే. 4:15 నుంచి చూసి లేపే ఏర్పాటు కూడా తీసేశాను. చాలా రోజులు 4:18కే లేపి, ఉన్న ఆరు గంటల్లో అరగంట తినేసేది. 4:45కే వైబ్రేషన్ పెట్టుకున్నాను. ఆదివారం కూడా ఆరు దాటకుండా లేస్తున్నాను, సోమవారం కొంచెం సులువైంది. అది కూడా బ్యాండ్ ఘనత కాదు.

కొనమంటారా అంటే, నాలాగా రోజూ ఒకే వేళకు లేచేవాళ్లకు, పక్కన పసిపిల్ల ఉన్నవాళ్లకు పనికొస్తుందేమో. హాస్పిటల్‌లో నైట్ డ్యూటీలు చేసే మా ఆడపడుచుకు మాత్రం ఇవ్వలేదు, ఆమెకు ఏ వారం నిద్ర ఆ వారమే. ఎండాకాలం పట్టీ కింద చెమటకాయలు వస్తాయి, అదొకటి.

దానికి కొత్తగా ఇంకో పని అప్పగించాను. జనగామ దాటగానే 30 నిమిషాల టైమర్ పెట్టి కళ్లు మూసుకుంటాను. ట్రైన్ ఘన్‌పూర్ దగ్గర ఆగిపోయిన రోజు ముందే లేపేస్తుంది. లేచి చిక్కుడుకాయలు తుంచుకుంటాను.